చుక్కతో మొదలయ్యే ఫైలు

ఒక్క అక్షరం జారిపోయింది. దాంతో ఒక శాఖ మొత్తం మూతబడింది.

సోమవారం ఉదయం అనుబంధ వైద్య కోర్సుల ప్రవేశాల డైరెక్టరేట్ వారి వెబ్‌సైట్ తెరిచిన ప్రతి విద్యార్థికీ తెల్లటి తెర మీద ఒకటే వాక్యం కనిపించింది: అంతర్గత సర్వర్ దోషం, 500. ఫిజియోథెరపీ, రేడియాలజీ, ల్యాబ్ టెక్నాలజీ వగైరా చదువుల్లో ప్రభుత్వ కోటా సీట్లకు ఏ కాలేజీ కావాలో పిల్లలు ఆ సైట్లోనే ఎంచుకోవాలి. ఆ ఎంపికలకు ఆప్షన్లని పేరు. శుక్రవారం సాయంత్రంతో గడువు ఆఖరు.

తప్పు ఎక్కడుందో రెహానా కాఫీ చల్లారేలోపే పట్టేసింది. ఆమె బయటి ఏజెన్సీ తరఫున వచ్చి విజయవాడలోని ఆ డైరెక్టరేట్లో పనిచేస్తున్న సిస్టమ్ ఇంజినీరు. పట్టేయడంలో వింత లేదు. ఆ తప్పు చేసింది ఆమే. సైట్లో ఏ బొత్తాం నొక్కితే ఏ పేజీకి పోవాలో సర్వర్‌కు చెప్పే సెట్టింగుల ఫైలు ఒకటుంది. అందులో కొత్త ఆప్షన్ల పేజీకి దారి కలుపుతూ ఒక మాటలో ఆఖరి అక్షరం వదిలేసింది. సర్వర్ ఆ ఫైలును పంక్తి తర్వాత పంక్తి చదువుకుంటూ పోతుంది. అర్థం కాని ముక్క ఒక్కటి తగిలినా అక్కడే చేతులెత్తేస్తుంది.

అక్షరం పెట్టేసి ఊరుకుంటే ఈ కథ లేదు. కానీ ఆమె మర్యాద తెలిసిన మనిషి. సెక్షన్ సూపరింటెండెంట్ యనమండ్ర సుదర్శనానికి ఒక మాట చెప్పి చేద్దామనుకుంది.

సుదర్శనం నోటు రాస్తే ఆ శాఖలో తిరుగులేదు. ఆయన రాసిన నోటులో తప్పు పట్టినవాడు ఇంతవరకు లేడు. అర్థం చేసుకున్నవాడు కూడా లేడు. ఆయన వాక్యాలన్నీ 'గమనించడమైనది', 'పరిశీలించడమైనది', 'నిర్ణయించడమైనది' అని ముగుస్తాయి. ఎవరు గమనించారో, ఎవరు నిర్ణయించారో ఎక్కడా ఉండదు. ఇంట్లో కూడా ఆయన భోజనం చేయడు. ఆయన చేత భోజనం చేయబడుతుంది.

"ఫైల్లో చిన్న తప్పు సార్. రెండు నిమిషాల్లో సరిచేస్తా," అంది రెహానా.

సుదర్శనం కలం ఆగింది. ఏ ఫైలని అడిగాడు.

"సెట్టింగుల ఫైలు సార్. మామూలుగా చూస్తే కనపడదు. పేరు చుక్కతో మొదలైతే అది దాగి ఉంటది."

"ఎవరు దాచారమ్మా?"

"ఎవరూ దాచలేదు సార్. దాని పద్ధతే అంత."

తన సర్వీసులో సుదర్శనం ఈ జవాబు చాలామంది నోట విన్నాడు. వాళ్లలో కొందరు సస్పెండయ్యారు. ఆ ఫైలు నంబరు అడిగాడు. లేదంది. ఏ బీరువాలో ఉందన్నాడు. బీరువా కూడా లేదంది. ఎవరి ఉత్తర్వు మీద తెరిచావన్నాడు. ఉత్తర్వు కూడా లేదంది. అనుమతి వచ్చేదాకా దాన్ని ముట్టొద్దన్నాడు.

మధ్యాహ్నానికల్లా నోటు పైకి పోయింది. 'సెక్షన్ రికార్డులలో నమోదు కానట్టిదియు, నంబరు లేనట్టిదియు, చుక్క మాటున దాచబడినట్టిదియు అగు ఫైలు ఒకటి ఈ కార్యాలయమున చలామణిలో ఉన్నట్లు గమనించడమైనది. సదరు ఫైలును పొరుగు సేవల సిబ్బంది అనధికారికంగా తెరిచి, అందలి ఒక అక్షరమును లోపింపజేసినట్లు కూడా గమనించడమైనది.'

సాయంత్రం ఆయన ఇంటికి పోయేసరికి కూతురు కీర్తన ఫోను పట్టుకుని గుమ్మంలోనే కూర్చుని ఉంది. ఆ పిల్ల స్కూల్లో కబడ్డీ ఆడి మోకాలు విరగ్గొట్టుకుంది. ఇక పరుగెత్తలేదని అందరూ తేల్చేశాక, ఒక ఫిజియోథెరపిస్టు ఏడాది పాటు తిట్టి, నవ్వించి, నడిపించి మళ్లీ కోర్టులో దింపింది. అప్పటినుంచి కీర్తనకు ఇంకో చదువు పేరెత్తితే కోపం. ర్యాంకు బాగానే వచ్చింది. గుంటూరు కాలేజీలో ఫిజియోథెరపీ పెట్టుకుంటే సీటు ఖాయం. పెట్టుకోవడమే మిగిలింది.

"నాన్నా, మీ సైటు తెరుచుకోవట్లేదు. ఎవరో ఏదో తప్పు చేశారంట."

"ఆ విషయం పరిశీలనలో ఉందమ్మా," అన్నాడు సుదర్శనం. పరిశీలనకు పెట్టింది తానేనన్న గర్వం ఆ గొంతులో కొంచెం ఉంది.

మరునాడు జాయింట్ డైరెక్టర్ కొమ్మారెడ్డి ప్రభావతి గదిలో సమావేశం. ఆవిడ తెర మీది వాక్యాన్ని కళ్లజోడు సవరించుకుని రెండుసార్లు చదివింది. అంతర్గత దోషం అంటే అంతర్గత విచారణ వేయాల్సిందేనని ముందు తేల్చింది. తర్వాత పక్కనున్న అంకె మీద వేలు పెట్టింది.

"ఐదు వందల దోషాలంటోంది. మీరు ఒకటి పట్టారు. మిగతావి ఎక్కడ?"

అది లెక్క కాదనీ, ఆ రకం తప్పుకు ప్రపంచమంతా వాడే గుర్తనీ రెహానా నచ్చజెప్పబోయింది. ప్రభావతి నవ్వింది. ప్రపంచమంతా ఐదేసి వందల తప్పులు చేస్తుంటే మనం కూడా చేయాలని ప్రభుత్వ విధానం ఎక్కడా లేదంది. మిగతా నాలుగు వందల తొంభై తొమ్మిది తప్పులు కనుక్కోవడానికి ఒక ఉపసంఘం వేసింది. దానికి సభ్య కార్యదర్శి సుదర్శనం.

ఇక మిగిలింది డైరెక్టర్ వసంతకుమార్. ఆయన ఆ కుర్చీలోకి కొత్తగా వచ్చాడు. వస్తూనే 'ఏకరూప ఫైలు విధానం' ప్రవేశపెట్టాడు. కాగితం ఫైలు ఒక రకం, కంప్యూటర్ ఫైలు ఒక రకం అనే వివక్ష పోవాలన్నది ఆయన కల. ఆ మాట మీద ఆయన రెండు నగరాల్లో ఉపన్యాసాలిచ్చాడు. శాలువాలు కూడా కప్పించుకున్నాడు. ఇన్నాళ్లూ ఆ విధానానికి సరైన ఫైలు దొరకలేదు. సుదర్శనం నోటు చూడగానే ఆయన కళ్లు మెరిశాయి.

"ఫైలు ఫైలే," అన్నాడు. "దీన్ని పద్ధతి ప్రకారం నడపండి. అభిప్రాయాలు, ఆమోదాలు అన్నీ ఆ ఫైల్లోనే నమోదు కావాలి. వేరే కాగితం వాడితే ఊరుకోను."

ఆ విధంగా సర్వర్ చదువుకోవలసిన ఫైలుకు నంబరు వచ్చింది. అధికారులందరికీ అందులో రాసే హక్కు వచ్చింది. ముందుగా జూనియర్ అసిస్టెంటు 'దయచేసి చూడండి' అని రాశాడు. దాని కింద సుదర్శనం 'సరిచూడబడినది' అని రాశాడు. ప్రభావతి 'చర్చించండి' అంది. చర్చించారు. 'చర్చించడమైనది' అని సుదర్శనం రాశాడు. ఆర్థిక విభాగం వారు ఒక అక్షరం చేర్చడం వల్ల ఖజానాపై పడే భారమేమిటని అడిగారు. ఏమీ లేదని జవాబు రాశారు. న్యాయ విభాగం వారు అక్షరం చేర్చడానికి అభ్యంతరం లేదన్నారు. కానీ తప్పు మాటను చెరపరాదనీ, కొట్టివేసి, పక్కన ఒప్పు రాసి, పొట్టి సంతకం పెట్టాలనీ హెచ్చరించారు. అన్నింటికీ చివర డైరెక్టర్ 'అక్షరము చేర్చుటకు అనుమతించడమైనది. ఇటువంటివి ఇకపై సకాలంలో పంపవలెను' అని ముగించాడు.

బుధవారం రెహానా అక్షరం చేర్చింది. సైటు తెరుచుకోలేదు.

ఎందుకు తెరుచుకుంటుంది? ఇంతకు ముందు సర్వర్‌కు అర్థం కాని మాట ఒకటే ఉండేది. ఇప్పుడు డైరెక్టరేట్ మొత్తం ఉంది. 'దయచేసి చూడండి' దగ్గరే అది పడిపోతోంది. ఈ రాతలన్నీ తీసేస్తే తెరుచుకుంటుందని రెహానా సుదర్శనంతో అంది. ఆయన చెవులు మూసుకున్నాడు. డైరెక్టర్ గారి నోటు తొలగించడమంటే ఉద్యోగం తొలగించుకోవడమేనన్నాడు.

రెహానా కుర్చీ తెర ముందుకు లాక్కుంది. తర్వాత అధికారులు రాసిన ప్రతి పంక్తికీ ముందు ఒక హాష్ గుర్తు కొట్టుకుంటూ పోయింది. రెండు నిలువు గీతలు, రెండు అడ్డగీతలు. ఆఫీసులో దాన్ని నవారు మంచం గుర్తంటారు. సైటు తెరుచుకుంది.

సెక్షన్లో చప్పట్లు మోగాయి. ప్రభావతి స్వయంగా దిగివచ్చి ఫైలు చూసింది. తన నోటు ముందు ఆ మంచం ఏమిటని అడిగింది.

రెహానా అప్పటికి మూడు పూటలుగా సరిగా తినలేదు. 'సర్వర్, ఈ పంక్తి నువ్వు చదవొద్దు అని చెప్పే గుర్తు' అనడానికి నోరు రాలేదు.

"పెద్దవాళ్లు రాసిందని సర్వర్‌కి తెలియజేసే గుర్తు మేడమ్."

ప్రభావతి ముఖం విప్పారింది. ఇన్నేళ్లకు ఒక యంత్రానికైనా ఆ సంగతి తెలిసిందంది. సాయంత్రానికి ఆ గుర్తు కథ భవనమంతా పాకింది. డైరెక్టర్ తనకు, జూనియర్ అసిస్టెంటుకు ఒకే గుర్తు ఉండటం గమనించి ఊరుకోలేదు. ఆయనకు మూడు పెట్టారు. జాయింట్ డైరెక్టర్‌కు రెండు. సెలవులో ఉన్న ఒక డిప్యూటీ డైరెక్టర్ తన గుర్తు తనకు వచ్చిందో లేదో తెలుసుకోవడానికి వైజాగ్ నుంచి ఫోను చేశాడు.

సైటు తెరుచుకున్నాక పిల్లల్ని వాడుకోనివ్వొచ్చు కదా అనిపిస్తుంది. డైరెక్టర్‌కు అనిపించలేదు. ఇంతమంది అధికారులు శ్రమించి తెరిచిన సైటును ఎవరో ఒక విద్యార్థి ముందుగా తెరవడం సభ్యత కాదన్నాడు. శుక్రవారం ఉదయం తానే లాంఛనంగా ప్రారంభిస్తానని, అంతవరకు మూసి ఉంచమని ఉత్తర్వు వేశాడు. సుదర్శనం ఇంట్లో ఆ సంగతి చెప్తే కీర్తన లేచి నిలబడింది.

"శుక్రవారం సాయంత్రమే కదా గడువు?"

"పూటంతా మిగులుతుందమ్మా. అన్నీ ఆలోచించే నిర్ణయించడమైనది."

గురువారం ఫైలు చివరిసారి డైరెక్టర్ ముందుకు పోయింది. ఆయన మొదటి నుంచి చివరికి చూసుకుంటూ వచ్చి, ఒకచోట ఆగాడు. అధికారులు రాసిన పంక్తులన్నిటికీ గుర్తుంది. వాటి మధ్య ఏవో ఇంగ్లీషు పంక్తులు గుర్తు లేకుండా బోసిగా ఉన్నాయి. సైటును నడిపించే పంక్తులు అవి.

"ఒకే ఫైల్లో కొన్నిటికి గౌరవం, కొన్నిటికి అగౌరవమా? ఏకరూప విధానం అంటే ఇదేనా?" అన్నాడు. రేపు ప్రారంభోత్సవం లోపల ప్రతి పంక్తికీ గుర్తు ఉండాలన్నాడు.

రెహానా పరుగున సుదర్శనం బల్ల దగ్గరికి వచ్చింది. పక్కవాళ్లు టీకి పోయేదాకా ఆగి, వంగి, గొంతు తగ్గించి చెప్పింది.

"ఆ గుర్తు గౌరవం కాదు సార్. అది పెడితే సర్వర్ ఆ లైను చదవదు. మీరందరూ రాసింది అది ఒక్క ముక్క కూడా చదవలేదు. అందుకే సైటు తెరుచుకుంది."

సుదర్శనం కలం కింద పెట్టాడు. అన్ని పంక్తులకూ పెడితే ఏమవుతుందని అడిగాడు.

"మొదటి పేజీ వస్తది. డైరెక్టర్ గారి ఫొటో వస్తది. లోపలికి పోయే దారి ఒక్కటీ ఉండదు. ఆప్షన్ల పేజీ ఎక్కడుందో సర్వర్‌కే తెలియదు. సార్, మీ పాపది కూడా ఉందన్నారు కదా. నా మీద ఇప్పటికే దాచిన ఫైలు కేసుంది. నా అంతట నేను చేయలేను. పని చేసే లైన్లకి పెట్టకుండా వదిలేయమని మీరు ఒక్కసారి ఊ అనండి. అడిగితే మీరు చెప్పారంటా. అంతే."

ఊ అనడానికి అక్షరం కూడా ఒకటే. సుదర్శనం గొంతు దాకా వచ్చింది. కానీ ఆయన పాతికేళ్లుగా ఎవరికీ నోటిమాటగా ఊ అన్నది లేదు. అన్నవాళ్లు ఏమయ్యారో ఆయనకు తెలుసు. వాళ్ల ఫైళ్లు నడిపింది ఆయనే. అదీగాక డైరెక్టర్ దగ్గరికి పోయి, అయ్యా, మీ మూడు గుర్తులకు అర్థం మిమ్మల్ని మూడుసార్లు లెక్కచేయొద్దని అని ఏ నోటితో చెప్పడం?

"పైకి రాద్దాం," అన్నాడు.

ఆ మధ్యాహ్నం ఆయన తన జీవితంలోకెల్లా ధైర్యమైన నోటు రాశాడు. 'సదరు చిహ్నమును సార్వత్రికముగా అనువర్తింపజేయు పక్షమున, పంక్తుల పఠనీయత విషయమై ఒకింత అన్యథా పరిణామములకు ఆస్కారము గలదేమోనని, కావున పునఃపరిశీలన వాంఛనీయమేమోనని సవినయముగా మనవి చేయడమైనది.'

గంటలో తిరిగి వచ్చింది. డైరెక్టర్ దాని కిందే టైపు చేశాడు: 'చూశాను. మంచి భాష.' ఆ సాయంత్రం రెహానా ప్రతి పంక్తికీ గుర్తు పెట్టింది.

శుక్రవారం ఉదయం సమావేశ మందిరంలో పూలదండల మధ్య కంప్యూటర్ పెట్టారు. డైరెక్టర్ బొత్తాం నొక్కాడు. మొదటి పేజీ చక్కగా విచ్చుకుంది. ఆయన ఫొటో నవ్వుతోంది. చప్పట్లు. ఆప్షన్ల పేజీ కూడా చూపిద్దామని ఆయన దాని మీద నొక్కాడు. తెల్లటి తెర. ఈ పేజీ కనబడలేదు, 404.

చప్పట్లు ఆగిపోయాయి. సుదర్శనం నేలకేసి చూశాడు. ప్రభావతి మాత్రం ఆ అంకెను చదివి, ఉపసంఘం కాగితాలు తిరగేసి, నెమ్మదిగా లేచింది.

"సోమవారం ఐదు వందల దోషాలు సార్. ఇవాళ నాలుగు వందల నాలుగు. వారం తిరక్కుండా తొంభై ఆరు తగ్గించాం."

ఈసారి చప్పట్లు ఇంకా గట్టిగా పడ్డాయి. పత్రికలకు ప్రకటన వెళ్లింది.

మధ్యాహ్నం లోపే కీర్తన ఫోను చేసింది. పేజీ లేదంటోంది నాన్నా, అందరికీ ఇంతేనంట, గ్రూపుల్లో పిల్లలు ఏడుస్తున్నారు అంది. సుదర్శనం తిన్నగా రెహానా కుర్చీ దగ్గరికి నడిచాడు. కుర్చీ ఖాళీగా ఉంది. వరండాలోకి పోయి ఆమెకు ఫోను చేశాడు. ఆ గుర్తులు తీసెయ్యమ్మా, ఊ అంటున్నాను, ఊ, అన్నాడు. అలా వరసగా రెండుసార్లన్నాడు.

"నా లాగిన్ పొద్దునే తీసేశారు సార్," అంది రెహానా. "ఏజెన్సీకి తిప్పి పంపించారు. దాచిన ఫైలు కేసులో. మీ సోమవారం నోటు మీదే ఉత్తర్వు."

ఆమె గొంతులో కోపం లేదు. వెనక ఎక్కడో బస్సు హారన్లు. గుంటూరు బస్సెక్కానని చెప్పి పెట్టేసింది.

గడువు పొడిగించమని అడగడానికి సుదర్శనం డైరెక్టర్ గదికి పోయాడు. ప్రారంభించిన రోజునే పొడిగిస్తే ప్రారంభం పాడైందని అర్థం వస్తుందని డైరెక్టర్ అన్నాడు. సాయంత్రం అయింది. గడువు ముగిసింది.

వచ్చిన ఆప్షన్లు సున్న. మరుసటి సోమవారం పై నుంచి దిగిన ఆదేశం క్లుప్తంగా ఉంది. సైటు ప్రారంభమైనా ఒక్క విద్యార్థి కూడా ఆప్షన్ పెట్టలేదు కాబట్టి, ఈ కోర్సుల పట్ల రాష్ట్ర యువతకు ఆసక్తి లేదని భావించి, ప్రభుత్వ కోటా సీట్లన్నీ ప్రైవేటు కాలేజీల యాజమాన్యాలకు అప్పగించాలి. అవి ఎవరు ఎంతకు అమ్ముకుంటారో అందరికీ తెలుసు. నోటు పెట్టవలసింది సుదర్శనం.

ఆయన కలం తీయలేదు. జీవితంలో మొదటిసారి కాగితం లేకుండా, అనుమతి అడగకుండా డైరెక్టర్ గదిలోకి పోయాడు. ఆసక్తి లేదన్నది అబద్ధం సార్ అన్నాడు. "మా అమ్మాయి వారం రోజుల్నించి ఆ ఫోను కింద పెట్టలేదు."

డైరెక్టర్ ఆయన వంక జాలిగా చూశాడు. ప్రభావతిని పిలిపించాడు. ముగ్గురూ కూర్చుని ఆ కొత్త సమాచారాన్ని పరిగణనలోకి తీసుకున్నారు. ముసాయిదాలో ఒక వాక్యం చేరింది: 'ఒక్క అభ్యర్థిని ఆసక్తి కనబరిచినట్లు తెలియవచ్చినది. అయితే ఆమె ఈ కార్యాలయ ఉద్యోగి కుమార్తె అయినందున, పారదర్శకత దృష్ట్యా, సదరు ఆసక్తిని లెక్కలోకి తీసుకొనరాదని నిర్ణయించడమైనది.'

శుభ్రంగా తిరగరాయమని దాన్ని సుదర్శనం చేతిలోనే పెట్టారు. ఆయన రాశాడు. అక్షరం పొల్లుపోకుండా రాశాడు.

ఇంటికి పోయేసరికి కీర్తన గుమ్మంలో లేదు. హాల్లో నేల మీద కూర్చుని మోకాలికి నూనె రాసుకుంటోంది. వాన మబ్బు పట్టిన రోజు అది ఇప్పటికీ సలుపుతుంది. తల ఎత్తకుండా అడిగింది, ఏమైందని.

సుదర్శనం చెప్పులు విప్పాడు. గొంతు సవరించుకున్నాడు.

"సీటు కోల్పోవడమైనది."

కీర్తన చేయి ఆగింది. తండ్రి ముఖంలోకి చూసింది.

"ఎవరు పోగొట్టారు నాన్నా?"

ఆయన ఆ వాక్యాన్ని లోపల మొదటి నుంచి చివరిదాకా వెతికాడు. అందులో మనిషి ఎవరూ లేరు. పెట్టడానికి చోటు కూడా లేదు.